నాన్నగారి ఫొటోలు ఏ ఫార్మాట్‌లో దాచాలి?

ప్రశ్న: మా నాన్నగారు వడపళనిలో ఉంటూ తెలుగు నాటక సమాజాలకు, చిన్న సినిమా కంపెనీలకు ఫొటోలు తీసేవారు. ఆయన పోయాక ఇంట్లో సుమారు 1,100 ప్రింట్లు, 120 అనే సైజు ఫిల్ము నెగటివ్‌లు 300 దాకా, ఒక సమాజం పద్దు పుస్తకం, కొన్ని కరపత్రాలు మిగిలాయి. 2005 ప్రాంతంలో కొన్నిటిని స్కాన్ చేయించి సీడీల్లో పెట్టాం. వాటిలో జేపెగ్, బీఎంపీ, పీఎస్‌డీ ఫైళ్లు కలగలిసి ఉన్నాయి. ఇప్పుడు అన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టాలనుకుంటున్నాను. స్కానింగ్ షాపతను జేపెగ్ చాలంటున్నాడు, టిఫ్ కావాలంటే ఫొటోకి పది రూపాయలు ఎక్కువట. మా మేనల్లుడేమో అన్నీ ఐఫోన్‌లో వచ్చే హెచ్‌ఈఐసీలోకి మార్చేస్తే చోటు కలిసొస్తుందంటాడు. మా అమ్మాయి పీడీఎఫ్ ఆల్బమ్ చేయమంటోంది. నా మనవలు పెద్దయ్యాక కూడా ఈ ఫొటోలు తెరుచుకోవాలి. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, కోడంబాకం, చెన్నై

జవాబు: అమ్మా, అన్నిటినీ ఒకే ఫార్మాట్‌లోకి తేవాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. ఇలాంటి సేకరణలకు ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది. ప్రింటు నుంచి, నెగటివ్ నుంచి కొత్తగా తయారయ్యే ఫైలుకు ఫార్మాట్ మనం ఎంచుకోవచ్చు. దానికి టిఫ్ సరైనది. కెమెరాలోనో ఫోనులోనో పుట్టిన ఫైలుకు ఆ ఎంపిక అప్పటికే జరిగిపోయింది. దాన్ని పుట్టిన రూపంలోనే ఉంచి, అవసరమైతే పక్కన ఇంకో ప్రతి చేసుకోవాలి. సీడీల్లో ఉన్నవాటిని ఒక్కో రకాన్ని ఒక్కోలా చూడాలి. ఇక్కడినుంచి మూలప్రతి అంటే ఎప్పుడూ ముట్టుకోకుండా దాచే ఫైలు అని, వాడుకప్రతి అంటే చుట్టాలకు పంపడానికి, టీవీలో చూడటానికి చేసుకునే చిన్న ఫైలు అని అనుకుందాం.

ముందు షాపతని మాట. జేపెగ్ చెడ్డ ఫార్మాట్ కాదు. 1992 నుంచి ఉంది, ప్రపంచంలో ఏ కంప్యూటరైనా తెరుస్తుంది, ఇంకో యాభై ఏళ్ల తర్వాత కూడా తెరుస్తుందని నమ్మవచ్చు. దానితో చిక్కు తెరుచుకోవడంలో లేదు, దాచేటప్పుడు పారేసే వివరంలో ఉంది. జేపెగ్ చిత్రాన్ని ఎనిమిది పిక్సెళ్ల (చిత్రంలోని రంగు చుక్కల) వెడల్పు, ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు ఉన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సూక్ష్మ భేదాలను వదిలేస్తుంది. వెలుగునీడలతో పోలిస్తే రంగును ఇంకా తక్కువ వివరంతో దాస్తుంది. చాలా ప్రోగ్రాముల మామూలు సెట్టింగులో రంగు సమాచారం అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గిపోతుంది. అందుకే ఎర్ర చీర అంచు, కుంకుమ బొట్టు లాంటి చోట్ల రంగు పక్కకు పాకినట్టు కనిపిస్తుంది. ఒకసారి దాస్తే ఇది పెద్దగా తెలియదు. ఆ ఫైలును తెరిచి, కాస్త వెలుగు పెంచి మళ్లీ సేవ్ చేస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది, వివరం మళ్లీ పోతుంది. ఊరికే తెరిచి చూసినా, ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు కాపీ చేసినా ఏమీ పోదు. ఆ భయం అక్కర్లేదు.

రెండో చిక్కు మీ ఫొటోలకు ఇంకా ముఖ్యం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 1970ల, 80ల రంగు ప్రింట్లు చాలావరకు వెలిసిపోయి ఉంటాయి. నలుపు బూడిదరంగుకు, తెలుపు పసుపుకు తిరిగి ఉంటుంది. అలాంటి ప్రింటు ఆ 256 మెట్లలో వందో నూట యాభయ్యో మాత్రమే వాడుకుంటుంది. రేపు ఎవరైనా రంగులు సరిచేయాలని వాటిని సాగదీస్తే మధ్యలో ఖాళీలు పడి, రంగస్థలం వెనక తెర మీదో, ముఖాల మీదో చారలు కనబడతాయి. స్కానర్‌లో 48 బిట్ రంగు అని ఉండే ఎంపికలో ఒక్కో రంగుకు 65,536 మెట్లు ఉంటాయి. దాన్ని టిఫ్ దాచగలదు, మామూలు జేపెగ్ దాచలేదు.

టిఫ్‌ను 1986లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది. తర్వాత అది అడోబి చేతికి వచ్చింది. 1992లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి దాని మూల నిర్మాణం మారలేదు, ఆ వివరం మొత్తం బహిరంగంగా దొరుకుతుంది. అది చదివి ఎవరైనా, ఎవరి అనుమతీ అడగకుండా, టిఫ్ తెరిచే ప్రోగ్రాము రాసుకోవచ్చు. అలా రాసినవి ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫొటోల కోసం ఇష్టపడే ఫార్మాట్ల జాబితాలో టిఫ్ ఉంటుంది. ప్రమాదంలో ఉన్న పాత పత్రాల కోసం బ్రిటిష్ లైబ్రరీ నడిపే కార్యక్రమం కూడా మూలప్రతులు టిఫ్‌లోనే ఉండాలంటుంది. దీనికి ఎదురుగా అదే 1992లో కొడాక్ తెచ్చిన ఫొటో సీడీ ఫార్మాట్‌ను చూడండి. నాణ్యతలో దానికి వంక పెట్టేది లేదు, కానీ అది ఒక కంపెనీ సొత్తు. ఆ కంపెనీ దాన్ని వదిలేశాక ఆ ఫైళ్లు తెరిచే ప్రోగ్రాములు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. దీర్ఘకాలానికి ఫార్మాట్ ఎంచుకునేటప్పుడు నాణ్యత కంటే ముందు అడగాల్సింది ఇదే: దీని వివరం అందరికీ తెలుసా, దీన్ని ఎంతమంది వేర్వేరుగా తెరవగలుగుతున్నారు?

టిఫ్ బరువన్న మాటకు లెక్క వేసి చూద్దాం. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల ప్రింటును 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర స్కాన్ చేస్తే 2,400 అడ్డం, 3,600 నిలువు, అంటే 86 లక్షల పిక్సెళ్లు. 24 బిట్ రంగులో ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు, మొత్తం 26 ఎంబీ. 48 బిట్‌లో 52 ఎంబీ. మీ 1,100 ప్రింట్లూ సగటున ఆ సైజే అనుకుంటే 24 బిట్‌లో 29 జీబీ, అన్నీ 48 బిట్‌లో చేసినా 57 జీబీ. నెగటివ్‌లకు ఇంకో 17 జీబీ వేసుకోండి. ఇప్పుడు దొరికే చిన్న హార్డ్ డిస్కే ఒక టెరాబైట్. అందులో పదో వంతు కూడా నిండదు. చోటు కోసం నాణ్యత వదులుకోవాల్సిన అవసరం మీకు లేదు.

డబ్బు సంగతి వేరు. ఫొటోకి పది రూపాయలంటే 1,100కి పదకొండు వేలు. పెట్టగలిగితే పెట్టమనే మా సలహా. కష్టమనిపిస్తే ప్రింట్లను రెండుగా విడదీయండి. నెగటివ్ లేనివి, వెలిసినవి, చిన్నవి, మరెక్కడా దొరకని వ్యక్తులు, నాటకాలు ఉన్నవి టిఫ్‌లో 48 బిట్. నెగటివ్ భద్రంగా ఉన్న ప్రింట్లు, ఒకే సందర్భంలో పది ఒకేలా ఉన్నవి జేపెగ్‌లో అత్యధిక నాణ్యత దగ్గర. రంగు వివరం తగ్గించవద్దని కూడా షాపతనికి చెప్పండి. ఆ సెట్టింగు 4:4:4 అని ఉంటుంది.

షాపుకు ఇచ్చేటప్పుడు ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రింట్లు 600 డీపీఐ, నెగటివ్ సైజులోనే ఉండే, రెండున్నర అంగుళాల కంటే చిన్న కాంటాక్టు ప్రింట్లు 1,200 డీపీఐ. నలుపు తెలుపు ప్రింట్లను కూడా రంగులోనే స్కాన్ చేయాలి. పసుపు మరక ఏది, సీపియా టోను ఏది, దాని మీద నాన్నగారు నీలం సిరాతో రాసింది ఏది అన్నది బూడిదరంగు స్కాన్‌లో కలిసిపోతుంది. ఫొటో అంచులు నాలుగూ కనబడాలి, కత్తిరించకూడదు. పదును పెంచడం, దుమ్ము తొలగించడం, రంగు పునరుద్ధరణ లాంటి ఆటోమేటిక్ సెట్టింగులన్నీ ఆపేయాలి. దుమ్ము తొలగించే ప్రోగ్రాముకు దుమ్ముకూ ముక్కుపుడకకూ తేడా తెలియదు. అలాంటి మరమ్మతులు తర్వాత వాడుకప్రతి మీద ఎన్నయినా చేసుకోవచ్చు. కలర్ ప్రొఫైల్ ఫైలులోనే ఉండాలి; ఎస్‌ఆర్‌జీబీ అయినా అడోబి ఆర్‌జీబీ అయినా ఫర్వాలేదు, కానీ ఏదో ఒకటి లోపల రాసి ఉండాలి. అది లేకపోతే రేపటి కంప్యూటర్ ఆ అంకెలను ఏ రంగుగా చూపించాలో ఊహించుకోవలసి వస్తుంది. ప్రింటు వెనక స్టూడియో ముద్ర, తేదీ, పేర్లు ఉంటే వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. దానికి 300 డీపీఐ చాలు.

టిఫ్ అని అడిగినంత మాత్రాన సరైన టిఫ్ వస్తుందన్న హామీ లేదు. టిఫ్ లోపల కూడా జేపెగ్ కుదింపు, అంటే ఫైలును చిన్నది చేసే జేపెగ్ పద్ధతి, పెట్టవచ్చు. పైకి టిఫ్ అనే పేరు, లోపల మళ్లీ అవే గళ్లు. కుదింపు వద్దు అనో, ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనో స్పష్టంగా చెప్పాలి. ఎల్‌జెడ్‌డబ్ల్యూ ఏమీ పారేయదు, 24 బిట్ ఫైళ్లను కొంత చిన్నవి చేస్తుంది. 48 బిట్ ఫైళ్ల మీద అది ఎదురు తిరిగి ఫైలును ఇంకా పెద్దది చేస్తుంటుంది, కాబట్టి వాటికి కుదింపు లేకుండా ఉంచడమే మేలు. కుదింపు లేని టిఫ్‌కు ఇంకో గుణం ఉంది: డిస్కు పాతబడి మధ్యలో ఎక్కడో ఒక బైటు చెడితే ఒక పిక్సెల్ రంగు మారుతుంది, అంతే. జేపెగ్‌లో అదే జరిగితే ఆ చోటు నుంచి కింద దాకా బొమ్మ పక్కకు జరిగిపోవడమో, రంగులు తారుమారవడమో మామూలే. ఫైలు మొదట్లో ఉండే సమాచారమే చెడితే మాత్రం టిఫ్ కూడా తెరుచుకోదు. అందుకే ప్రతులు కావాలి. ఆ సంగతి కింద చెబుతాం. మల్టీ టిఫ్ అనే ఎంపిక కూడా వద్దనండి. అది నలభై ఫొటోలను ఒకే ఫైలులో పెడుతుంది. చాలా ప్రోగ్రాములు అందులో మొదటిదే చూపిస్తాయి, మిగతావి పోయాయనుకుని ఎవరో ఒకరు తీసిపారేస్తారు.

తెచ్చిన ఫైళ్లను ఇంట్లోనే పరీక్షించవచ్చు. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ చూడండి. కొలతలు, బిట్ డెప్త్ 24 లేదా 48, కుదింపు ఏ రకమో అక్కడ ఉంటాయి. ఆరంగుళాల ప్రింటుకు 1,800 పిక్సెళ్లే ఉంటే 300 డీపీఐలో చేసి ఇచ్చారన్నమాట. తర్వాత ఫొటోను 400 శాతం పెద్దది చేసి, నల్లటి జుట్టు తెల్లటి గోడను తాకే చోటో, బ్యానరు మీద అక్షరాల చుట్టూనో చూడండి. చిన్న చిన్న చదరపు గళ్లు, అక్షరాల చుట్టూ దోమల్లా మచ్చలు కనిపిస్తే ముందు జేపెగ్‌గా స్కాన్ చేసి తర్వాత టిఫ్‌గా మార్చారని అర్థం. అలాంటి ఫైలుకు ఎక్కువ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

నెగటివ్‌లకు మీ సేకరణలో అన్నిటికంటే విలువ ఎక్కువ. కెమెరా చూసింది అక్కడే ఉంది, ప్రింటు దాని నకలు మాత్రమే. 120 ఫిల్ములో చదరపు ఫ్రేము 56 మిల్లీమీటర్లు. 2,400 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే ఒక్కో వైపు సుమారు 5,290 పిక్సెళ్లు, మొత్తం 2.8 కోట్లు. నలుపు తెలుపు నెగటివ్‌ను 16 బిట్ గ్రేస్కేల్‌లో, అంటే బూడిదరంగులో, టిఫ్‌గా తీస్తే ఒక్కోటి 56 ఎంబీ. ఇంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్ల డబ్బా మీద 6,400 అని రాసి ఉన్నా అవి నిజంగా పట్టే వివరం అందులో సగం కూడా ఉండదు, కాబట్టి పెద్ద అంకె పెట్టి ఫైలును ఉబ్బించడం వృథా. ఫిల్ముకు కాంతి దాని గుండా పోయేలా లైటు ఉండే స్కానర్ కావాలి. కాగితాలకు మాత్రమే పనికొచ్చే స్కానర్ మీద నెగటివ్ పెడితే నల్లటి మరక తప్ప ఏమీ రాదు. డిజిటల్ ఐస్ అనే దుమ్ము తొలగింపును నలుపు తెలుపు నెగటివ్‌ల మీద తప్పనిసరిగా ఆపించండి. అది పరారుణ కాంతితో దుమ్మును వెతుకుతుంది. రంగు ఫిల్ములో రంగులు ఆ కాంతిని దాటనిస్తాయి, కానీ నలుపు తెలుపు ఫిల్ములోని వెండి అడ్డుకుంటుంది. దాంతో బొమ్మనే దుమ్మనుకుని ముఖాలను తుడిచేస్తుంది. పాజిటివ్‌గా మార్చి ఇచ్చినా సరే, బాగా తెల్లగా ఉన్న పంచెల్లో, బాగా చీకటిగా ఉన్న మూలల్లో వివరం మిగిలేలా కాంట్రాస్టు తక్కువగా ఉంచమనండి. మెరుపులు వాడుకప్రతిలో తెచ్చుకోవచ్చు.

స్కాన్ అయిపోయిందని ప్రింట్లు, నెగటివ్‌లు పారేయకండి. పదేళ్లకు ఇంతకంటే మంచి స్కానర్ వస్తుంది, మళ్లీ మూలానికే వెళ్లాలి.

పద్దు పుస్తకానికి, కరపత్రాలకు మీ అమ్మాయి చెప్పిన పీడీఎఫ్ పనికొస్తుంది, కానీ వాడుకప్రతిగా మాత్రమే. పీడీఎఫ్ ఒక సంచి లాంటిది. లోపల ఏ నాణ్యత ఫొటో పెట్టారో బయటికి తెలియదు, చాలా ప్రోగ్రాములు చడీచప్పుడు లేకుండా జేపెగ్‌గా కుదించి పెడతాయి. ముందు ఒక్కో పుటకూ 400 డీపీఐలో రంగు టిఫ్ తీయించండి. తర్వాత వాటినుంచి పుటల వరుసలో పీడీఎఫ్ చేయించండి, సేవ్ చేసేటప్పుడు పీడీఎఫ్-ఎ అన్న రకం ఎంచుకోండి. అది 2005లో దీర్ఘకాల నిల్వ కోసమే అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది. లెక్కల పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. కొన్ని స్కానింగ్ యంత్రాల్లో జేబిగ్2 అనే కుదింపు ఉంటుంది. పుటలో ఒకేలా కనిపించే అక్షరాలను పోల్చి, ఒకదాని బొమ్మనే అన్నిచోట్లా అతికిస్తుంది. 2013లో జర్మనీలో ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టిన విషయం ఇది: అలాంటి యంత్రంలో 6 అంకె 8 అయిపోయింది, పుట మాత్రం శుభ్రంగా, స్పష్టంగా కనబడింది. మసకబారిన స్కాన్‌ను చూస్తే అనుమానం వస్తుంది, తప్పు అంకె చక్కగా కనబడితే రాదు. నాటకానికి ఎవరు ఎంత చందా ఇచ్చారో ఆ పుస్తకమే సాక్ష్యం కదా, దాన్ని అలాంటి యంత్రానికి అప్పగించకండి. కరపత్రాల్లో ముద్రణ చుక్కలుంటాయి. తక్కువ రిజల్యూషన్‌లో అవి అలలు అలలుగా కనిపిస్తాయి. 600 డీపీఐలో తీయించండి, చుక్కలను కలిపేసే డీస్క్రీన్ సెట్టింగు మూలప్రతికి వద్దు.

ఇక సీడీలు. వీటికి ఫార్మాట్ కంటే ముందు డిస్కే ప్రమాదం. ఇంట్లో రాసిన సీడీలో సమాచారం ఒక రంగు పూత మీద ఉంటుంది. ఎండ, వేడి, తేమ మూడూ దాన్ని చెడగొడతాయి, మన ఊళ్లో మూడూ పుష్కలం. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొని ఈ వారంలోనే మొత్తం సీడీలను హార్డ్ డిస్కులోకి ఉన్నవి ఉన్నట్టు దించండి. ఒక డ్రైవ్ చదవని సీడీని ఇంకో కంపెనీ డ్రైవ్ ఒక్కోసారి చదవగలుగుతుంది, కాబట్టి ఒక్కసారికే ఆశ వదులుకోవద్దు. మధ్యలో చదవలేని చోట్లుంటే డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము దొరికినంత దించి, మిగిలిన చోట్లకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

అందులోని జేపెగ్‌లను అలాగే ఉంచండి. టిఫ్‌లోకి మార్చితే పోయిన వివరం తిరిగి రాదు, ఫైలు మాత్రం చాలా రెట్లు పెరుగుతుంది. బీఎంపీలో ఏ వివరమూ పోయి ఉండదు, కానీ అందులో పేర్లు, తేదీలు రాసుకునే చోటు లేదు. వాటిని టిఫ్‌లోకో పీఎన్‌జీలోకో మార్చడం మంచిది. రెండింటిలోనూ ఒక్క పిక్సెల్ కూడా మారదు. పీఎస్‌డీ ఫొటోషాప్ సొంత ఫార్మాట్. వాటిలో పొరలు పొరలుగా అప్పటి మరమ్మతులు ఉండవచ్చు. ఫొటోషాప్ ఉన్నవారి దగ్గర ఒక్కోటి తెరిపించి, పొరలన్నీ కలిపిన టిఫ్ ఒకటి తీయించి రెండూ పక్కపక్కనే దాచండి. జింప్ లాంటి ఉచిత ప్రోగ్రాములు కూడా తెరుస్తాయి, కానీ క్లిష్టమైన పొరలు ఒక్కోసారి తేడాగా కనిపిస్తాయి. ఈ పాత స్కాన్‌ల ప్రింట్లు ఇంకా మీ దగ్గరుంటే మళ్లీ కొత్తగా స్కాన్ చేయించడమే ఉత్తమం. ప్రింటు పోయినవాటికి మాత్రం ఆ పాత స్కానే ఇప్పుడు మూలప్రతి, ఎంత చిన్నదైనా.

మీ మేనల్లుడు చెప్పిన హెచ్‌ఈఐసీ 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్‌లకు వచ్చింది. జేపెగ్‌తో పోలిస్తే దాదాపు సగం చోటులో అంతే నాణ్యత ఇస్తుంది, అది నిజం. కానీ లోపల వాడే హెచ్‌ఈవీసీ కుదింపు మీద చాలా కంపెనీలకు పేటెంట్లు ఉన్నాయి. అందుకే చాలా విండోస్ కంప్యూటర్లలో ఆ ఫైళ్లు తెరవడానికి విడిగా ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకోవలసి వస్తోంది. ఇవాళే ఇలా ఉన్నదాన్ని యాభై ఏళ్లకు ఎంచుకోవడం తెలివైన పని కాదు. స్కాన్‌లను అందులోకి మార్చితే వివరం కూడా పోతుంది. అయితే ఫోనులో హెచ్‌ఈఐసీగానే పుట్టిన ఫొటోల లెక్క వేరు. వాటిలో జేపెగ్‌కు పట్టని వెలుగు సమాచారం, లోతు సమాచారం ఉండవచ్చు. మార్చితే పోతాయి. అసలు ఫైలు అలాగే ఉంచి, పక్కన జేపెగ్ ఒకటి పెట్టండి. ఐఫోన్ నుంచి కంప్యూటర్‌కు దించేటప్పుడు సెట్టింగ్స్‌లో ఫొటోస్‌లోకి వెళ్లి కీప్ ఒరిజినల్స్ ఎంచుకోవాలి, లేకపోతే ఫోను తనంతట తానే జేపెగ్‌గా మార్చి ఇవ్వవచ్చు. ఇకమీదట ఇంటి వేడుకల ఫొటోలు నేరుగా జేపెగ్‌లోనే కావాలంటే కెమెరా సెట్టింగ్స్‌లోని ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోవచ్చు. చుట్టాల దగ్గరున్న ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే, హెచ్‌డీ నొక్కి పంపినా, మళ్లీ కుదించి, తీసిన తేదీని కూడా తుడిచేస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో ఉన్నవాటిని టేకౌట్ ద్వారా దించుకునేటప్పుడు ఫొటోల పక్కన జేసన్ అనే చిన్న ఫైళ్లు వస్తాయి. చెత్తనుకుని తీసేయకండి, మీరు అక్కడ సరిచేసిన తేదీలు, రాసిన వివరాలు వాటిలోనే ఉంటాయి.

ఇంకొన్ని ఫార్మాట్ల పేర్లు కూడా మీ చెవిన పడవచ్చు. వెబ్‌పీ వెబ్‌సైట్ల కోసం పుట్టింది, దాని పని అక్కడే. జేపెగ్ 2000 పెద్ద గ్రంథాలయాలకు బాగా పనికొస్తుంది, కానీ ఇంటి కంప్యూటర్లలో తెరవడానికి తిప్పలు పడాలి. జేపెగ్ ఎక్స్‌ఎల్ మంచి ఫార్మాట్. ఉన్న జేపెగ్‌ను ఏమీ పోగొట్టకుండా కుదించి, కావాలంటే మళ్లీ అదే జేపెగ్‌ను ఇవ్వగలదు. ప్రమాణంగా 2022లో వచ్చింది, అన్ని చోట్లా తెరుచుకునే రోజు వచ్చేదాకా మీరు ఆగవచ్చు.

ఫార్మాట్ ఎంత సరైనదైనా, అందులో ఉన్నదెవరో తెలియకపోతే మనవలకు అది ఎవరో అపరిచితుల ఫొటో. ఈ పని షాపతను చేయలేడు, మీరే చేయాలి, మీకు గుర్తున్నప్పుడే చేయాలి. ఫైలు పేరులో తెలుగు, ఖాళీలు, చుక్కలు వద్దు. ఆల్బమ్ సంఖ్య, ఫొటో సంఖ్య, ముందు వెనక: 03_014_1, 03_014_2. ముందు సున్నాలు పెడితేనే వరుస చెదరదు. పేర్లు, నాటకం, ఊరు, సుమారు సంవత్సరం మాత్రం ఫైలు లోపల ఎక్స్‌ఎంపీ అనే చోట తెలుగులో నిండుగా రాయండి. డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రాముతో చేయవచ్చు. ఎక్స్‌ఎంపీ యూనికోడ్‌ను (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఒకే పద్ధతిని) పట్టుకుంటుంది, అంతకు ముందున్న ఐపీటీసీ పాత పద్ధతిలో తెలుగు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఉంది. అలాగే పాత డీటీపీ ఫాంట్లతో, అంటే అను ఫాంట్ల లాంటివాటితో టైపు చేసిన వివరాలు మీ దగ్గర ఉంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చాకే వాడండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల్లా కనిపిస్తాయి. తేదీ ఖచ్చితంగా తెలియనప్పుడు కెమెరా తేదీ గడిలో ఊహించి పెట్టవద్దు. రేపు దాన్నే నిజమనుకుంటారు. వివరణలో “సుమారు 1964” అని రాయండి. ఇదే సమాచారం ఎక్సెల్ పట్టికలో కూడా ఉంచండి. దాన్ని సీఎస్‌వీగా, అంటే ఏ ప్రోగ్రామైనా చదవగల సాదా పట్టికగా, సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, ఫైలు మూసేశాక తిరిగి రాదు.

వివరాలు రాయడం పూర్తయ్యాక, అంతకు ముందు కాదు, ఫైళ్లకు చెక్‌సమ్ తీయండి. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని వచ్చే ఒక పొడుగాటి సంఖ్య అది. ఒక్క బైటు మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. 7-జిప్ వేసుకుంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్‌లోనే షా-256 అని కనిపిస్తుంది. ఆ ఫలితాన్ని ఆ ఫోల్డర్ బయట, దాని పక్కనే దాచండి. ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చండి. సంఖ్య మారిందంటే డిస్కు చెడుతోందన్నా అనుకోవాలి, ఎవరో ఫైలును తెరిచి సేవ్ చేశారన్నా అనుకోవాలి. విండోస్‌లో ఫొటోను పక్కకు తిప్పినా, నక్షత్రాలు ఇచ్చినా అది ఫైలులోకే రాసేస్తుంది, చెక్‌సమ్ మారిపోతుంది. అందుకే మూలప్రతుల డిస్కును రోజూ చూసుకునే కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి.

ప్రతులు మూడు. రెండు వేర్వేరు కంపెనీల హార్డ్ డిస్కులు, ఒకటి ఇంటర్నెట్ నిల్వలో, అది కూడా ఫొటోల యాప్‌లో కాకుండా మామూలు ఫైళ్ల నిల్వలో. డిస్కుల్లో ఒకటి చెన్నై బయట, నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉన్న దగ్గరి చుట్టం ఇంట్లో ఉండాలి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకు తెలుసు. మీ ఇంట్లో ఉండేదాన్ని కింది అంతస్తులో, బీరువా అడుగు అరలో పెట్టవద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, ఆరు నెలలకోసారి ఆన్ చేయండి. డిస్కును ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో సిద్ధం (ఫార్మాట్) చేస్తే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లు, తగిలించకుండా ఏళ్ల తరబడి వదిలేసే ఎస్‌ఎస్‌డీలు ఈ పనికి పనికిరావు. వాటిలో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది, కరెంటు అందకపోతే అది క్రమంగా కారిపోతుంది. ఐదారేళ్లకు కొత్త డిస్కు కొని మార్చండి.

ఏది ముందు మొదలుపెట్టాలి అంటే, నెగటివ్ కవర్లు తెరిచి వాసన చూడండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము లోపలే కుళ్లుతోంది, వేడికి తేమకు అది వేగంగా పాకుతుంది. వాటిని మిగతావాటి నుంచి విడదీసి అన్నిటికంటే ముందు స్కాన్ చేయించండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ప్రింట్లను పీకవద్దు, ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పూత, అద్దంతో ఊడి వస్తుంది. అద్దంతో సహా కెమెరాతో తీయించండి. జిగురు పేజీల ఆల్బమ్‌ల నుంచి ప్రింటు తీయాలంటే పళ్ల మధ్య వాడే సన్నటి దారం వెనక నుంచి మెల్లగా రంపంలా లాగితే వస్తుంది. షాపుకు ఒకేసారి అన్నీ ఇవ్వకుండా మొదట పది ప్రింట్లు, ఐదు నెగటివ్‌లు ఇవ్వండి. వచ్చిన ఫైళ్లను పైన చెప్పిన పద్ధతిలో పరీక్షించి, బాగుంటేనే మిగతావి అప్పగించండి.